కుడివైపు మూగ ఇంజెక్టర్లు

ఒక్క కారు చూసేసి, పదింటికల్లా ఇంటికెళ్లి స్థిమితంగా టిఫిన్ తినాలని చెవి మేస్త్రి ఆ ఉదయం అనుకున్నాడు. ఆయనకు ఆ పేరు ఊరికే రాలేదు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, లోపలి టకటక విని రోగమేదో చెప్పేస్తాడు. ఎదురు షెడ్డువాడు కార్ల పరీక్షకని కంప్యూటర్ కొన్నప్పటినుంచీ మాత్రం ఆయనకు కంటిమీద కునుకు లేదు. ఒక్కసారి తప్పు చెప్పాడంటే చాలు, ఉన్న గిరాకీ కాస్తా రోడ్డు దాటేస్తుంది.

తొమ్మిదింటికి గజగజ వణుకుతున్న కారులో లెక్చరరమ్మ వచ్చింది. "పదకొండింటికి ప్రిన్సిపాల్ పోస్టుకి ఇంటర్వ్యూ ఉంది మేస్త్రి గారూ. మీదే భారం."

ఇంజను నడుస్తుండగానే మేస్త్రి ఇటువైపు వంగి, ఎడమ చెవితో ఒకటి, రెండు ఇంజెక్టర్లు విన్నాడు. భేషుగ్గా ఉన్నాయి. అటువైపు వెళ్లి కుడి చెవితో మూడు, నాలుగు విన్నాడు. చడీచప్పుడూ లేదు. పక్కనే నిలబడి లెక్చరరమ్మ ఏదో చెప్పబోయింది గానీ, ఆయన తలెత్తితేగా!

"రెండూ పోయాయి మేడమ్" అని తేల్చేశాడు.

ఇంజను ఆపి కొత్తవి బిగించాడు. మళ్లీ స్టార్ట్ చేసి విన్నాడు. అవీ మూగవే. వైర్లు మార్చాడు. అయినా ఉలుకూ పలుకూ లేదు. గడియారం పదింపావు చూపిస్తోంది. ఎదురు షెడ్డువాడు చేతులు కట్టుకుని తన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"రెండు పనిచేయకపోతే ఇంత దూరం ఎలా వచ్చిందండీ?" అని లెక్చరరమ్మ ఎదురుగా వచ్చి అడిగింది.

"మొండి బండి మేడమ్" అన్నాడు మేస్త్రి. ఆ మాట ఆయనకే నమ్మబుద్ధి కాలేదు. ఇక ఇంజను మొత్తం విప్పడమేనని పానా అందుకున్నాడు.

అప్పుడే ఆయన భార్య టిఫిన్ డబ్బాతో వచ్చింది. "ఏమండీ!" అని మూడుసార్లు పిలిచింది. పలకలేదు.

"చూశారా మేడమ్? మూడు నెలలుగా ఇదే వరస. ఈ పక్కనుంచి పిలిస్తే పలకరు. అలిగారేమోనని నేనూ అలిగి కూర్చున్నా." అంటూ ఎడమవైపుకి వచ్చి అరిచింది. "కుడి చెవి వినపడట్లేదని చెప్పి చావొచ్చుగా!"

మేస్త్రి ఉలిక్కిపడి బానెట్‌కి తల కొట్టుకున్నాడు. అనుమానం ఆయనకూ లేకపోలేదు. కానీ చెవి మేస్త్రికి చెవి పోయిందంటే ఇక మిగిలేదేముంది? ఆ భయంతోనే ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకున్నాడు.

ఆమె స్క్రూడ్రైవర్ లాక్కుని నాలుగింటి మీదా పెట్టి చూసింది. "అన్నీ ఒక్కలాగే టకటకమంటున్నాయి. మరి ఆ బుస్సుమనే చప్పుడేంటి?"

"నేను పొద్దున్నుంచీ చెప్పబోతున్నది అదేనండీ!" అంది లెక్చరరమ్మ.

అడుగున ఒక గాలి గొట్టం ఊడి వేలాడుతోంది. మేస్త్రి దాన్ని తొడిగి బిగించాడు. ఒక్క నిమిషం పని. కారు వణుకు మానేసింది. లెక్చరరమ్మ బయల్దేరుతూ ఎదురు షెడ్డుదాకా వినపడేలా "మీ చెవే చెవి మేస్త్రి గారూ!" అంది. ఆయనకు కళ్లు చెమర్చాయి.

"రేపు చెవి డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం" అంది భార్య.

ఈసారి ఆమె ఎడమవైపే నిలబడి ఉంది. అయినా ఆ మాట మాత్రం మేస్త్రికి వినిపించలేదు.