అక్రమ విడుదల

సొలాంబా దేశాన్ని కెనడాలోని మా కిచెనర్ ఊరి నుంచే పునర్నిర్మిస్తామని, అందుకోసం ఎవరూ సొలాంబా దాకా వెళ్ళనక్కర్లేదని మా డైరెక్టర్ అమరేశ్వరరావు గారు నిరుడు మే నెలలో, సమోసాలు చల్లారక ముందే, సగర్వంగా ప్రకటించారు. "ఇంట్లో కూర్చుని బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ రాశాం. ఒక దేశాన్ని రాయలేమా?" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేను కాస్త గట్టిగానే కొట్టాను. నన్ను ఉద్యోగంలోకి తీసుకుని అప్పటికి వారమే అయింది.

నవోదయ ట్రాన్సిషన్స్ గురించి పాఠకులకు రెండు ముక్కలు చెప్పాలి. ఇదే కంపెనీ ఇదే మూడో అంతస్తులో అంతకు ముందు పేరోల్ సాఫ్ట్‌వేర్ చేసేది. ఊళ్ళో టెక్ ఆఫీసులు లేఆఫ్‌లు మొదలుపెట్టగానే అమరేశ్వరరావు గారు దూరదృష్టితో ఆలోచించారు. కంపెనీలు మూతపడతాయి గానీ యుద్ధాలు మూతపడవని గ్రహించి, దేశాలు కట్టే పనిలోకి దిగారు. గుమ్మం మీది బోర్డులో పేరోల్ అన్న చోట పీస్ అని స్టిక్కర్ వేయించారు. ఇంగ్లీషులో రెండింటికీ మొదటి అక్షరం ఒకటే కావడంతో ఆ మేరకు స్టిక్కర్ కలిసొచ్చింది.

సొలాంబాలో ఆరేళ్ళ అంతర్యుద్ధం ముగిసింది. కోంబె అనే ఊరి జైల్లో నాలుగు వందల పన్నెండు మంది మాత్రం మిగిలిపోయారు. వాళ్ళ మీద కేసు లేదు, కోర్టు లేదు. పట్టుకున్నవాళ్ళు ఎందుకు పట్టుకున్నారో మర్చిపోయారు. వాళ్ళను వదిలిపెట్టడానికి ఒక చట్టం కావాలి. ఆ చట్టం రాసిపెట్టే భాగ్యం మాకు దక్కింది. పని సవ్యంగా సాగుతోందని మేం సర్టిఫికెట్ ఇస్తేనే ఆ దేశానికి విదేశీ సాయం విడతలవారీగా అందుతుంది.

మా టీమ్ అల్లాటప్పా టీమ్ కాదు. డిప్లమసీ విభాగం మల్లికార్జున్‌ది. కిచెనర్, వాటర్‌లూలో రెండు తెలుగు సంఘాలు ఉగాది పచ్చడి ఎవరు చేయాలన్న దగ్గర మొహాలు చూసుకోవడం మానేస్తే, ఆయనే మధ్యలో కూర్చుని సంధి కుదిర్చాడు. ఆ సంధి తర్వాత మూడు సంఘాలయ్యాయి. లా విభాగం నిఖిలది. హైదరాబాద్‌లో లా చదివి, ఇక్కడ మాస్టర్స్ చేసి, ఇక్కడే స్థిరపడడానికి పీఆర్ అప్లికేషన్ పెట్టుకుని ఎదురుచూస్తున్న అమ్మాయి. నేను నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ అనలిస్టుని. అంటే ఫైళ్ళకు ఫైనల్, ఫైనల్ టూ, అసలు ఫైనల్ అని పేర్లు పెడతాను.

రిసెప్షన్‌లో తెసాయి కూర్చుంటుంది. ఆమెది సొలాంబానే. అక్కడ పదకొండేళ్ళు మేజిస్ట్రేటుగా పనిచేసిందట. మొదట లా విభాగంలో ఉద్యోగానికే అప్లై చేసింది. ఇంటర్వ్యూలో అమరేశ్వరరావు గారు ఎంతో మర్యాదగా విషయం చెప్పారు. "మీకు కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ లేదమ్మా. అది పోనీ అనుకుందాం. మాకు కావలసింది పోస్ట్-కాన్‌ఫ్లిక్ట్ ఎక్స్‌పీరియన్స్. మీకున్నది కాన్‌ఫ్లిక్ట్ ఎక్స్‌పీరియన్సే." అందుకని ఆమెను రిసెప్షన్‌లో పెట్టుకుని, ప్రపోజల్‌లో మాత్రం స్థానిక నిపుణురాలు అని ఫొటో వేశారు.

తెసాయి తమ్ముడు ఒరూన్ కోంబె జైల్లోనే ఉన్నాడు. లెక్కల మాస్టారు. కిరసనాయిలు కొనడానికి బజారుకెళ్తే పట్టుకుని లోపల వేశారు. మూడేళ్ళయింది.

చేరిన రెండో వారంలో తెసాయి ఒక కాగితం తెచ్చి నిఖిల టేబుల్ మీద పెట్టింది. ఒక్కటే పేజీ. "ఛార్జ్ లేకుండా ఎవరినైనా నిర్బంధించి ఉంటే, ఈ చట్టం వచ్చిన రోజునే వదిలేయాలి" అన్నది దాని సారాంశం. నిఖిల రెండుసార్లు చదివి డైరెక్టర్ గారి గదికి తీసుకెళ్ళింది.

"సార్, ఇది సరిపోతుంది. పంపేద్దామా?"

"ఒక్క పేజీయా?" అమరేశ్వరరావు గారు వెనక్కి తిప్పి చూశారు, అటువైపు ఏమైనా ఉందేమోనని. "ఒక దేశం మనల్ని నమ్మి పని అప్పగించింది. ఒక్క పేజీ మొహాన కొడితే బాగుంటుందా? ముందు డెఫినిషన్స్ రావాలి కదమ్మా."

అలా డెఫినిషన్స్ మొదలయ్యాయి. జైల్లో ఉన్నవాళ్ళను ఏమనాలి? ఖైదీ అందామంటే శిక్ష పడలేదు. నిర్బంధితుడు అందామంటే మల్లికార్జున్ ఒప్పుకోలేదు.

"అట్లంటే వాళ్ళ గవర్నమెంట్ ఫీలయితది సార్. మేం నిర్బంధించినమా అంటరు. రేపు ఫోన్ ఎత్తరు."

ఏడు వారాలు చర్చించాక ఆయనే ఒక మాట తెచ్చాడు. ప్రభుత్వ ఆతిథ్యంలో ఉన్న వ్యక్తి. అందరికీ నచ్చింది. దానికి తగ్గట్టు విడుదల అన్న మాటను ఆతిథ్య ముగింపు అని మార్చాం. మార్చాక ఒక చిక్కొచ్చి పడింది. అతిథిని పంపించడానికి చట్టం ఎందుకని నిఖిల అడిగింది. ఆ ప్రశ్న లోతుపాతులు తేల్చడానికి ఒక సబ్‌కమిటీ వేశారు.

అక్టోబరులో బాధిత వర్గాలతో సంప్రదింపులు జరిపాం. ఊళ్ళో దొరికిన బాధిత వర్గం తెసాయి ఒక్కతే. ఆమెను రిసెప్షన్ నుంచి బోర్డ్‌రూమ్‌లోకి పిలిచి, మూడు నిమిషాలు మాట్లాడమన్నారు.

"నాకు మూడు నిమిషాలు అక్కర్లేదు సార్," అంది తెసాయి. "మా తమ్ముడికి దగ్గులో రక్తం పడుతోందట. ఏ మాటైనా పెట్టుకోండి. కాగితం పంపండి."

అమరేశ్వరరావు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఆమె అనుభవాన్ని పంచుకున్నందుకు కంపెనీ తరఫున కృతజ్ఞతలు చెప్పారు. సంప్రదింపుల నివేదికలో ఇలా రాశాం: "ప్రక్రియ పట్ల బాధిత వర్గాలు సంపూర్ణ మద్దతు తెలిపాయి. సమయం ఇంకా మిగిలింది."

ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున బయట మోకాలి లోతు మంచు. నేను బూట్లు దులుపుకుంటూ లోపలికొచ్చేసరికి తెసాయి రిసెప్షన్ టేబుల్ అవతల నిలబడి నవ్వుతోంది, ఏడుస్తోంది. ఫోన్ నా మొహం మీదకు తెచ్చింది. వీడియో కాల్‌లో ఒక బక్క మనిషి, ఆమె తమ్ముడు ఒరూన్. ఎవరిదో పెద్ద చొక్కా వేసుకున్నాడు. పక్కన ఒక ముసలావిడ అతని నోట్లో అన్నం ముద్దలు పెడుతూనే ఉంది. అతను వద్దంటూనే తింటున్నాడు. జైలు సిబ్బందికి ఆరు నెలలుగా జీతాల్లేవట. వార్డెన్ విసిగిపోయి గేటు తెరిచి, తాళాలు గోడకు తగిలించి, తనూ ఇంటికి వెళ్ళిపోయాడట. నాలుగు వందల పన్నెండు మందీ నడుచుకుంటూ ఊళ్ళకు చేరారు. ఆ అబ్బాయికి చెయ్యి ఊపాను. అతనూ ఊపాడు.

పది గంటలకు అమరేశ్వరరావు గారు అత్యవసర సమావేశం పెట్టారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వదిలేశారా? ఏ సెక్షన్ కింద?"

"సెక్షన్ ఏం లేదు సార్. గేటు తీసిన్రంతే," అన్నాడు మల్లికార్జున్.

"చట్టం ఇంకా మన దగ్గరే ఉందే! అది లేకుండా వదిలారంటే అది అక్రమ విడుదల అవదూ?"

ఆ మాట బోర్డు మీద రాశారు. అక్రమ నిర్బంధం గురించి ప్రపంచంలో గ్రంథాలకు గ్రంథాలున్నాయి గానీ, అక్రమ విడుదలను కనిపెట్టింది మా డైరెక్టర్ గారే.

నిఖిల నెమ్మదిగా అంది. "సార్, వాళ్ళు ఇళ్ళకెళ్ళిపోయారు. ఇంక మన పని అయిపోయినట్టే కదా సార్?"

"లోపల మనిషి లేకపోతే చట్టం ఎవరి మీద అమలు చేస్తామమ్మా? రేపు ఎవడో ఒకడు వీళ్ళని మళ్ళీ పట్టుకుంటే చూపించుకోడానికి చేతిలో కాగితం ఉందా? వాళ్ళ మంచికే చెబుతున్నాను." తర్వాత గొంతు తగ్గించి, "నీ పీఆర్ లెటర్ మీద సంతకం పెట్టాల్సింది కూడా ఉంది. గుర్తుచెయ్యి," అన్నారు.

నిఖిల కళ్ళు దించుకుని మెమో రాసింది. అక్రమంగా ఆతిథ్యం కోల్పోయిన వ్యక్తులను యథాస్థానంలోకి తీసుకురావాలని, ఆ తర్వాతే చట్టబద్ధంగా పంపించాలని, లేకుంటే తర్వాతి విడత సాయానికి మా సర్టిఫికెట్ ఇవ్వలేమని ఆ మెమోలో ఉంది. దానికి అసలు ఫైనల్ అని పేరు పెట్టి సెండ్ నొక్కింది నేనే. సిగ్గేసింది. అయినా నొక్కాను.

మల్లికార్జున్ ఆ దేశపు న్యాయశాఖకు ఫోన్ చేసి వచ్చి మురిసిపోయాడు. "అరెస్ట్ అనే మాటే వాడొద్దని చెప్పిన సార్. తాత్కాలిక పునరాహ్వానం అన్నం. మస్తు ఖుషీ అయిన్రు."

తెసాయి డైరెక్టర్ గారి గదిలోకి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది.

"సార్, మా తమ్ముడు ఇంట్లో ఉన్నాడు. వాణ్ణి వదిలేయండి సార్."

"వదలడానికే కదమ్మా ఇదంతా!" అమరేశ్వరరావు గారు ఆమెను కూర్చోబెట్టారు. మంచినీళ్ళు ఇచ్చారు. ఆయన గొంతులో నిజంగానే వాత్సల్యం ఉంది. "మీరు మేజిస్ట్రేటుగా చేశారు, మీకు నేను చెప్పాలా? కాగితం లేని స్వేచ్ఛ ఒక స్వేచ్ఛేనా? రెండు వారాలు. సంతకం, స్టాంపు వేసిన విడుదల పత్రం చేతికిస్తారు. ఇక జన్మలో ఎవరూ ముట్టుకోరు. మీ తమ్ముడితో మీరే చెప్పండి, ధైర్యంగా ఉంటాడు."

ఆమె ఆ మాట నమ్మింది. పదకొండేళ్ళు కాగితాల మీద సంతకాలు పెట్టిన మనిషి. సాయంత్రం రిసెప్షన్‌లోనే కూర్చుని తమ్ముడికి ఫోన్ చేసింది.

సొలాంబా ప్రభుత్వం తన చరిత్రలో మొదటిసారి ఒక పనిని అనుకున్న టైముకి చేసింది. నాలుగు రోజుల్లో మూడు వందల తొంభై మందిని వెతికి పట్టుకొచ్చి కోంబె జైల్లో దింపింది. ఇరవై ఒక్క మంది సరిహద్దు దాటి పారిపోయారు. మిగిలిన ఒక్కడు ఒరూన్. అతన్ని ఎవరూ పట్టుకురాలేదు. కాగితం ఇస్తారని అక్క చెప్పిందని, స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, తొమ్మిది మైళ్ళు తనే నడుచుకుంటూ వెళ్ళి గేటు కొట్టాడట.

మా కాంట్రాక్టు మరో పద్దెనిమిది నెలలు పొడిగించారు. పరిస్థితి మారింది కనుక డెఫినిషన్స్ మళ్ళీ మొదటి నుంచి చూడాలని సబ్‌కమిటీ తేల్చింది. తిరిగొచ్చిన అతిథి అనే మాట ప్రస్తుతం పరిశీలనలో ఉంది.

జూన్ చివర వార్షిక నివేదిక తయారైంది. విజయాలు అన్న పేజీలో పెట్టడానికి ఏమీ దొరక్క అందరం తల పట్టుకుంటే, అమరేశ్వరరావు గారే స్వయంగా డిక్టేట్ చేశారు. "చట్టబద్ధ పాలనపై ప్రజల్లో విశ్వాసం పెరిగింది. స్వచ్ఛందంగా జైలుకు తిరిగివచ్చిన వారు: ఒకరు." పక్కన అతని పేరు కూడా వేయమన్నారు.

"మనిషి పేరు కదా, స్పెల్లింగ్ తప్పు పోకూడదు. రిసెప్షన్‌లో కనుక్కోండి," అన్నారు.

నేను ల్యాప్‌టాప్ పట్టుకుని రిసెప్షన్‌కి వెళ్ళాను. స్క్రీన్ ఆమెకు కనిపించకుండా తిప్పుకుని అడిగాను. తమ్ముడి కాగితం మీద రాయడానికే అనుకుందేమో, తెసాయి కుర్చీలోంచి లేచి నిలబడి, ఒక్కొక్క అక్షరం విడివిడిగా, నేను తప్పు రాయకుండా రెండుసార్లు చెప్పింది.