చెక్క మీద నిండిన చెరువు

ఆ పొద్దు శివలీల పెట్టుకున్న పని ఒక్కటే. నీళ్ళ ట్యాంకరు వచ్చేలోగా చెరువు బొమ్మ ముగించాలి. పాలలా జారే అక్రిలిక్ రంగును చెక్క మీద పోసి, అటు వంచి ఇటు వంచి అలలు తెప్పించింది. అది ఆరాక సన్న కుంచెతో తుంగపోచలు, తుమ్మముళ్ళు, కొంగ ఈకలు ఒక్కొక్కటే గీసింది. మూడేండ్లుగా ఎండిపోయిన తమ ఊరి చెరువును నిండుగా చూడాలన్న పంతం ఆమెది.

“బిందెలో గుక్కెడు నీళ్ళు ల్యావు, నువ్వు చెక్క మీద చెరువు నింపుతాండావా?” అంది అత్త హులిగెమ్మ.

“చెక్క మీదన్నా నిండనీ అత్తా.”

వార్డు మెంబరు అయ్యన్న ముచ్చటపడి ఫోటో తీసి, మండల వాట్సాప్ గ్రూపులో ‘మా ఊరి చెరువు’ అని పెట్టాడు. బొమ్మ అని రాయాలని తోచలేదు మహానుభావుడికి.

మరునాడు ట్యాంకరు రాలేదు. అయ్యన్న ఫోన్ చేస్తే, మండలాఫీసులో ట్యాంకర్లు పంపే నీళ్ళ సారు కసిరాడు. “చెరువు నిండుగా ఉండాది, మీకు ట్యాంకరెందుకప్పా?”

“అది బొమ్మ సార్!”

“కొంగకు ఈకలు కూడా కనపడతాండాయి. ఎవరికి చెప్తాండావు?”

ఎండిన చెరువు ఫోటో పంపితే, పాతదన్నాడు. వచ్చి చూడమంటే తీరిక లేదన్నాడు. ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో ఆఫీసుకు పోయారు. శివలీల చెక్కను తెచ్చి బల్ల మీద పెట్టింది. సారు గోటితో గీకాడు. రంగే.

“నిజమేమ్మా. కానీ చెరువు నిండిందని పైకి కాగితం పోయింది. మళ్ళా పైనుంచి రావాల.”

మూడోనాడు పైనుంచి వచ్చింది కాగితం కాదు, చేపపిల్లల బండి. నిండిన చెరువుకు పదివేల పిల్లలు మంజూరట!

“యాడ వదలాలక్కా?” అన్నాడు డ్రైవరు, నెర్రెలిచ్చిన చెరువును చూసి.

శివలీల సారుకు ఫోన్ కొట్టింది. “సార్, సర్కారు చేపలు వచ్చినాయి. నీళ్ళు ల్యావు. చస్తే ఎవరి పేరు రాసుకోమంటారు?”

“అయ్యో, చావనీయద్దమ్మా!”

గంటలో రెండు ట్యాంకర్లు వచ్చాయి. చేపపిల్లల్ని వదిలేందుకు పశువుల తొట్టిలోకి పైపు వేయబోతే హులిగెమ్మ అడ్డం నిలబడింది.

“ఇవి చేపల నీళ్ళవ్వా!” అన్నాడు ట్యాంకరు మనిషి.

“చేప చస్తే పైకి కాగితం పోతాది. మేం చస్తే యాడికీ పోదు. ముందు బిందెలు పట్టు!”

ఊరంతా నీళ్ళు పట్టుకున్నాక, మిగిలినవి తొట్టికి చేరాయి. ట్యాంకరు మనిషి రిజిస్టరు తీసి, లబ్ధిదారుల గడిలో ‘చేపలు’ అని రాసుకుని పోయాడు.