ఉత్తుత్తి లోకంలో విలీనం

కల్పిత లోకాల బలాబలాలు కొలిచి ర్యాంకులిచ్చే పని రేగుపాలెంలో తూనికలు కొలతల శాఖకి అప్పగించారు. కాటాలు తనిఖీ చేసేవాళ్లకి లోకాలు ఓ లెక్కా అని పైవాళ్ల ఉద్దేశం. ఆఖరి ర్యాంకు వచ్చిన లోకాన్ని దాని పై లోకంలో కలిపేస్తారు. పల్లెల్ని మునిసిపాలిటీలో కలపడం లేదూ, అలాగే.

ఇన్‌స్పెక్టరు గవర్రాజు పనిమంతుడు, కాకపోతే కాస్త చాదస్తం. పొద్దున్నే టేపు పట్టుకుని కూర్చున్నాడు. కాలానికి అతీతమైన లోకం వాళ్లని ఇవాళ పదిన్నరకి రమ్మంటే నిన్ననే వచ్చి వెళ్లిపోయారు. స్థలానికి అతీతమైన లోకానికి చిరునామా లేక నోటీసు తిరిగొచ్చింది. కొలవడానికి దొరకనివాళ్లకి రూలు ప్రకారం పై ర్యాంకులే కాబట్టి ఇద్దరికీ అవే రాశాడు. పదకొండు కొలతల లోకం నుంచి మహారాజు స్వయంగా దయచేశాడుగానీ, పొడుగూ వెడల్పూ ఎత్తూ పోగా మిగతావాటిని వరండాలో వదిలి రావాల్సొచ్చింది. గుమ్మం ఇరుకు మరి.

"మాది అన్నిటికంటే పై లోకమయ్యా," అన్నాడు మహారాజు చెమట తుడుచుకుంటూ.

"అందరూ అదే అంటున్నారండీ. అలా కూర్చోండి," అన్నాడు గవర్రాజు.

చివర్లో చిట్టెమ్మ వచ్చింది. ఉత్తుత్తి లోకానికి పెద్ద. పిల్లలు ఉత్తుత్తి అన్నాలు వండి, ఉత్తుత్తి పెళ్లిళ్లు చేస్తుంటారే, ఆ లోకం. మొత్తం కొలిస్తే అట్టపెట్టెకి ఎక్కువ, మంచానికి తక్కువ.

"ఆఖరి ర్యాంకు మీకేనమ్మా," అన్నాడు గవర్రాజు, మనసొప్పకపోయినా.

"మరి మీ లోకాన్ని కొలిచారా బాబూ?"

"మాది నిజం లోకం కదమ్మా!"

"వచ్చినవాళ్లందరూ అదే అనుంటారు కదా."

చాదస్తం మనిషికి ఆ మాట గుచ్చుకుంది. పై ఆఫీసుకి ఫోన్ చేశాడు. మినహాయింపు ఎవరికీ లేదన్నారు. గవర్రాజు గుండెల్లో రాయి పడింది. ఓడితే పెళ్లాం, పిల్ల, ఊరు, సమస్తం ఇంకో లోకంలో కలిసిపోతాయి.

అడుగున రెండు లోకాలు మిగిలితే మాటబలం, అంటే ఎవరు అన్నమాట నిజమవుతుందో, చూడాలని రూలు. చిట్టెమ్మ చీపురుపుల్లతో నేలమీద గీత గీసి, "ఇక్కడ ఏరుందనుకోండి," అంది. అంతే! ఫైళ్లు తడిసి ముద్దయ్యాయి. మహారాజు పట్టుపంచె మోకాళ్లదాకా ఎగ్గట్టి, "అబ్బో, వడి ఎక్కువగా ఉందే!" అంటూ బల్లెక్కాడు.

గవర్రాజు తన లోకం తరఫున ఓ జీవో తీసి చదివాడు: "ఈ భవనానికి లిఫ్టు మంజూరైనది." గొంతు పెంచి ఇంకోసారి చదివాడు. పై అంతస్తులో పెన్షన్ పనిమీద వచ్చిన పెద్దాయన మెట్ల మలుపులో కూలబడి ఆయాసపడుతూనే ఉన్నాడు.

సొంత లోకమైనా సరే, దొంగ తూకం వెయ్యడం గవర్రాజు వల్లకాలేదు. ఆఖరి ర్యాంకు తమకే రాసుకుని, సంతకం పెట్టాడు. చిట్టెమ్మకి జాలేసింది. "బెంగపడకండి బాబూ, మిమ్మల్ని బాగానే చూసుకుంటాం," అంది.

తెల్లారేసరికి విలీనం అయిపోయింది. గవర్రాజుకి ఆఫీసులో కాలు నిలవలేదు. బడి వదిలేవేళకి గేటు దగ్గరికెళ్లి నిలబడ్డాడు. కూతురు నీలవేణి పరిగెత్తుకొచ్చింది.

"ఇవాళ బళ్లో ఏం చెప్పారే తల్లీ?"

"లెక్కల సారు ఉన్నారనుకుని కూర్చున్నాం నాన్నా. బోర్డు మీద లెక్క వేశారనుకుని రాసుకున్నాం."

గవర్రాజు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నావల్లే తల్లీ. నిన్నటిదాకా సుఖంగా చదువుకునేదానివి."

పిల్ల తెల్లబోయింది. "నిన్న కూడా అంతే కదా! నిరుడు సారు బదిలీ అయిన దగ్గర్నుంచీ అంతే. పరీక్షలో నాకు ఫస్టొచ్చింది కూడా."

గవర్రాజుకి ప్రాణం లేచొచ్చింది. పిల్లని ఇంటి దగ్గర దింపి, ఆఫీసుకెళ్లి నివేదిక రాశాడు: విలీనం వల్ల ప్రజలకు ఎటువంటి అసౌకర్యమూ కలగలేదు.