నారుమడి మీద కాపర్ హరికేన్

ఆదివారం పొద్దున్నే జీవరాజుకి కడుపునొప్పి వచ్చింది. దానంతట అది వచ్చింది కాదు, చర్చి ఎగ్గొట్టడానికి తెప్పించుకున్నది. పది గంటలకి రాజమండ్రి నుంచి రమేష్ బాబు కారులో వస్తున్నాడు. ఈలోగా క్యాసెట్ బయటికి తియ్యాలి, పొడిగుడ్డతో తుడవాలి, ముందుగదిలో బల్ల సర్దాలి, గుండె దడ తగ్గించుకోవాలి. ప్లాను అంతే.

"నొప్పి ఎక్కువగా ఉంటే నేనూ ఆగిపోనా అండీ?" అంది దీనమ్మ, బైబిలు పట్టుకుని గుమ్మంలో నిలబడి.

"వద్దొద్దు, నువ్వెళ్లు. నా గురించి ప్రార్థన చెయ్యమని చెప్పు, చాలు," అన్నాడు జీవరాజు పొట్ట పట్టుకుని. ఆ రెండో మాట అనకుండా ఉంటే బాగుండేది. కానీ అబద్ధం ఆడేటప్పుడు మనిషికి ఒక మాట ఎక్కువే వస్తుంది.

జీవరాజు నరసాపురంలో నీటిపారుదల శాఖలో సీనియర్ అసిస్టెంటు. ఆయనకున్న పిచ్చి మాత్రం ఆ ఉద్యోగానికీ, ఆ ఊరికీ ఏమాత్రం సంబంధం లేనిది. యాభై ఏళ్ల కిందట ఇంగ్లండుని ఊపేసిన కాపర్ హరికేన్ అనే రాక్ బ్యాండంటే ఆయనకి ప్రాణం. వాళ్లు కంపెనీల ద్వారా అమ్ముకున్న రికార్డులు ఆయనకి అక్కర్లేదు. కచేరీకి వెళ్లినవాళ్లు కోటు లోపల టేపురికార్డరు దాచుకుని, దొంగచాటుగా ఎక్కించుకున్నవి కావాలి. ఒకే కచేరీకి రెండు టేపులు దొరికితే ఇక పండగే. ఒకదాంట్లో డ్రమ్ములు బాగుంటాయి, ఇంకోదాంట్లో పక్కసీటువాడి దగ్గు బాగుంటుంది. ఏది మేలో తేల్చుకోవడానికి పాపం ఆదివారాలు చాలేవి కావు.

ఈ పిచ్చి ఉన్నవాళ్లకి ఒక వాట్సాప్ గ్రూపుంది. దాంట్లో నెల రోజుల నుంచీ నలుగుతున్న గొడవ మాంచెస్టర్ కచేరీ గురించి. ఆఖరి పాటలో గిటారు తారస్థాయికి వెళుతుండగా, రికార్డు చేస్తున్నవాడు క్యాసెట్ తిరగేసుకున్నాడు. అక్కడ నలభై సెకన్లు ఖాళీ. లోకంలో అందరి దగ్గరా ఉన్నవి ఆ టేపుకి కాపీలే. బాల్కనీలో కూర్చున్న ఇంకొకడు చేసిన టేపు ఒకటుందని, అది ఓడలో వంట చేసే కాకినాడ మనిషి ద్వారా ఎప్పుడో తన చేతికొచ్చిందని, అందులో ఆ ముక్క చెక్కుచెదరకుండా ఉందని జీవరాజు ఏళ్ల తరబడి చెబుతున్నాడు.

"విన్నామన్నవారే గాని వినిపించినవారు కనపడరండి," అని రాశాడు రమేష్ బాబు. ఆయన బ్యాంకు మేనేజరు. తిట్టడం కూడా అండీ, గారూ తగిలించే తిడతాడు. దాంతో జీవరాజుకి ఒళ్లు మండింది. "ఆదివారం మా ఇంటికి రండి. ఆ ముక్క వినపడకపోతే నా క్యాసెట్లన్నీ మీకిచ్చేసి గ్రూపులోంచి వెళ్లిపోతాను," అని అందరూ చూస్తుండగా రాసిపారేశాడు. ముప్పై ఏళ్ల సేకరణ, దాని వెనక ఉన్న పరువు, రెండూ ఒక్క వాక్యంతో పందెంలోకి వెళ్లిపోయాయి.

దీనమ్మ వీధి మలుపు తిరగ్గానే జీవరాజు నొప్పి మాయమైంది. బీరువా తెరిచాడు. మాంచెస్టర్ క్యాసెట్ ఉండే బిస్కెట్ల డబ్బా లేదు. చీరల వెనక లేదు, కింది అరలో లేదు, బీరువా పైన లేదు. అప్పటికి కడుపులో నిజంగానే తిప్పడం మొదలైంది. దీనమ్మకి ఫోన్ చేస్తే అది ఫ్రిజ్ మీద మోగింది. అప్పుడు గుర్తొచ్చింది, మొన్న శుక్రవారం ఆమె తమ్ముడు డేనియల్ వచ్చి ఏదో సంచి పట్టుకెళ్లాడు.

"ఆ, క్యాసెట్లే బావగారూ," అన్నాడు డేనియల్ ఫోన్లో ఉత్సాహంగా. "పాతవున్నాయి పట్టుకుపొమ్మని అక్క ఇచ్చింది. టేపు లాగి నారుమడి మీద కట్టేశాం. గాలికి ఎంత బాగా మోగుతుందనుకున్నారు! ఒక్క పిట్ట వాలితే ఒట్టు!"

జీవరాజు గోడ పట్టుకున్నాడు. విత్తనాలు చల్లిన మడి మీద పిట్టలు వాలకుండా పాత క్యాసెట్ టేపు అడ్డంగా కట్టడం ఆ వైపు అందరూ చేసేదే. ఆయన ఎన్నో మళ్ల మీద చూశాడు గాని, అక్కడ మోగేది కాపర్ హరికేన్ కావచ్చని ఏనాడూ అనుకోలేదు. అదే క్షణంలో ఇంకో ఫోనొచ్చింది.

"నమస్కారమండి, రావులపాలెం దాటాను. రోడ్డు ఖాళీగా ఉంది, ముందే వచ్చేస్తానేమోనండి," అన్నాడు రమేష్ బాబు.

"నెమ్మదిగా రండి! దారిలో టిఫిను చెయ్యండి! రెండు సార్లు చెయ్యండి!" అని అరిచి, ఇంటికి తాళం వేసి, జీవరాజు స్కూటరెక్కాడు.

పక్క ఊళ్లో డేనియల్ పొలం కాలవ గట్టుని ఆనుకునే ఉంది. తడి మడిలో మొలకలు అప్పుడే పచ్చగా తలెత్తుతున్నాయి. వాటి మీద కర్ర నుంచి కర్రకి టేపు వరసలు వరసలుగా మెరుస్తూ, గాలికి బుయ్యిమని మోగుతోంది. గోధుమరంగు వరసలు నాలుగున్నాయి, నల్లగా ఉన్నది ఒకటుంది. మాంచెస్టర్ క్యాసెట్ నల్ల టేపు. జీవరాజు ప్యాంటు మోకాళ్లదాకా మడిచి మళ్లోకి దిగిపోయాడు.

"బావగారూ, మొలకలు! కాళ్లు చూసుకోండి!" అని డేనియల్ గట్టు మీద గంతులేశాడు.

"మొలకలు మళ్లీ వస్తాయిరా, ఇది మళ్లీ రాదు!" జీవరాజు నల్ల టేపు కొస పట్టుకుని అరచేతికి చుట్టడం మొదలెట్టాడు. ఎక్కడ సాగిపోతుందో, ఎక్కడ తెగుతుందో, ఏ మూర దగ్గర ఆ నలభై సెకన్లుందో తెలీక మూర మూరకీ ఆగి చూసుకుంటున్నాడు. ఆయన చుట్టుకుంటూ పోతుంటే వెనక ఖాళీ అయిన మడి మీద పిచ్చుకలు దిగాయి. కూలికొచ్చిన రత్నమాణిక్యం సత్తుగిన్నె వాయిస్తూ మడి చుట్టూ పరుగు తీసింది. ఆ మోతకి కాలవ అవతలి గట్టు మీద వెళుతున్న బుల్లబ్బాయి మోటారుసైకిలు ఆపాడు.

బుల్లబ్బాయి ఆ ఊళ్లో పెద్ద రైతు. రెండేళ్ల నుంచీ కాలవలోకి పైపు దించి, పైన గుర్రపుడెక్క కప్పి, తన చేపల చెరువుకి నీళ్లు తోడుకుంటున్నాడు. ఆ సంగతి నీటిపారుదల వాళ్లకి తెలీదని ఆయన నమ్మకం. అలాంటిది ఆ ఆఫీసు మనిషి ఆదివారంనాడు, తన పైపుకి ఎదురుగా, మోకాళ్లలోతు బురదలో కనపడేసరికి వంతెన మీదుగా నడిచి వచ్చాడు.

"ఏంటండీ అసిస్టెంటుగారూ, సెలవురోజు కూడా డ్యూటీయేనా?"

"డ్యూటీ కాదండి, టేపు. ముఖ్యమైన రికార్డింగు, పొరపాటున ఇక్కడికొచ్చేసింది."

"ఏం రికార్డింగండీ?"

"దొంగచాటుగా చేసిందండి. పాపం, రికార్డవుతున్నట్టు వాళ్లకే తెలీదు," అన్నాడు జీవరాజు టేపు మీంచి కళ్లు తిప్పకుండా.

బుల్లబ్బాయి మొహంలో రంగు మారింది. రాత్రిపూట పైపు దగ్గర తను పనివాళ్లతో అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. "గొంతులు పోల్చుకునేట్టున్నాయాండీ?"

"దగ్గినా తెలుస్తుందండి. అదే కదా దాని విలువ! రాజమండ్రి నుంచి పెద్దాయన బయల్దేరారు, వినడానికే వస్తున్నారు. ఆయన వచ్చేసరికి ఇది సిద్ధంగా లేకపోతే నా పరువు గంగలో కలిసిపోతుంది."

"అయ్యో, అంత పనెందుకు జరగనిస్తామండీ? ఇలా ఇవ్వండి, నేను పట్టుకుంటాను. మీరు గట్టెక్కండి," అని బుల్లబ్బాయి ఎంతో ఆదరంగా చెయ్యి చాచాడు. జీవరాజుకి కళ్లు చెమర్చాయి. కష్టకాలంలో మనిషంటే ఇలా ఉండాలి అనుకుంటూ టేపు ఉండని ఆయన చేతిలో పెట్టాడు. బుల్లబ్బాయి రెండడుగులు వెనక్కి వేసి, దాన్ని కాలవ మధ్యలోకి విసిరేశాడు.

"అరెరె, చెయ్యి జారిందండి," అన్నాడు.

జీవరాజు పెట్టిన కేకకి పిచ్చుకలన్నీ లేచిపోయాయి. ఆయన కూడా గట్టు మీంచి లేచి కాలవలో పడ్డాడు. నీళ్లు నడుంలోతే గాని వడి ఉంది. ఉండ విడిపోయి, గుర్రపుడెక్క చుట్టూ నల్లటి దారంలా తిరుగుతూ పోతోంది. ఆయన గుప్పెడు టేపు, గుప్పెడు నాచు కలిపి గుండెలకి అదుముకుని, "తెగలేదు, తెగలేదు," అంటూ ఏడ్చినంత పని చేస్తున్నప్పుడు గట్టు మీద తెల్లకారు ఆగింది.

ఒక పక్కనుంచి ఇస్త్రీ చొక్కాతో రమేష్ బాబు దిగాడు. రెండో పక్కనుంచి దీనమ్మ దిగింది. ఆమె చేతుల్లో బిస్కెట్ల డబ్బా ఉంది.

"కడుపునొప్పి మనిషి కాలవలో ఏం చేస్తున్నారండీ?" అంది. "మీ నొప్పి గురించి పాస్టరుగారు పేరు పెట్టి మరీ ప్రార్థన చేశారు. నాకు భయమేసి ఆరాధన మధ్యలో లేచి పరిగెత్తుకొచ్చాను. వస్తే ఇంటికి తాళం, మీ క్యాసెట్ వినడానికొచ్చానంటూ గుమ్మంలో ఈయన! నా తాళంచెవితో తలుపు తీసి ఫ్రిజ్ మీద ఫోనెత్తితే, బావగారు మడిలో దిగారు, నాకు భయంగా ఉంది అని డేనియల్ గోల!"

"దీనా, ఆ డబ్బా..." అంటూ జీవరాజు నీళ్లలోంచే గట్టు వైపు రెండడుగులు వేశాడు.

"వానలు మొదలయ్యాయి, తేమ తగిలితే క్యాసెట్ పోతుందని మీరే నస పెట్టారు కదా? బియ్యం డ్రమ్ములో పెట్టాను. తేమంతా బియ్యం లాగేస్తుంది."

"మరి ఇదేంటి?" అని జీవరాజు నాచు పైకెత్తి చూపించాడు.

"మీ స్పోకెన్ ఇంగ్లీషు కోర్సు. వాళ్లు పాడేది ఒక్క ముక్క అర్థం కావట్లేదని కొన్నారు కదా? మొదటి పాఠం కూడా విన్లేదు."

జీవరాజు చేతిలోది కాలవలోకి వదిలేసి పగలబడి నవ్వాడు. గట్టెక్కి డబ్బా మూత తీసి, క్యాసెట్ చూసి, దీనమ్మ చేతులు పట్టుకున్నాడు. పోయిన ప్రాణం తిరిగొచ్చింది. నరసాపురం వెళ్లేదాకా కూడా ఆగలేకపోయాడు. "ఇక్కడే! ఇప్పుడే! డేనియల్ ఇంట్లో పెడదాం పదండి," అన్నాడు.

డేనియల్ వరండాలో రమేష్ బాబు కారులోంచి తెచ్చిన తన క్యాసెట్ డెక్కుకి ప్లగ్గు పెట్టాడు. దీనమ్మ, డేనియల్ బెంచీ మీద కూర్చున్నారు. బుల్లబ్బాయి కూడా వచ్చి స్తంభం పక్కన నిలబడ్డాడు. టేపులో తన గొంతు లేదని తేలేదాకా ఆయన కదిలేట్టు లేడు. జీవరాజు డేనియల్ లుంగీ కట్టుకుని, తడి తలతో పెళ్లికొడుకులా మధ్యలో కూర్చున్నాడు.

పాట మొదలైంది. బాల్కనీ టేపే, సందేహం లేదు. జనం హోరు దూరంగా ఉంది, గిటారు స్వచ్ఛంగా ఉంది. రమేష్ బాబు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఇది వేరే టేపేనండి. ఒప్పుకుంటున్నాను," అన్నాడు మెల్లగా. గిటారు పైకి, ఇంకా పైకి వెళుతోంది. జీవరాజు వేలెత్తాడు. "ఇదిగో, వచ్చేస్తోంది. ఇప్పుడు..."

టక్కుమని చప్పుడైంది. గిటారు పోయింది. ఎక్కడో కోడి కూసింది.

"డేనియలూ, జాగ్రత్తగా విను," అంది క్యాసెట్లోంచి జీవరాజు గొంతు. "ఈ ముక్క ప్రపంచం మొత్తం మీద మీ బావ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు."

"ఏదీ, ఏం వినపడట్లేదే బావగారూ?" అంది డేనియల్ గొంతు.

"ఉండు, మిషనేదో మొరాయించినట్టుంది. ఇందాక ఏ బటన్ నొక్కానబ్బా?" ఠపఠపమని కొట్టిన చప్పుడు. "అమ్మో, టేపు నమిలేస్తుందేమో, ఆపేస్తున్నా." మళ్లీ టక్కుమంది. వెంటనే మాంచెస్టర్‌లో వేలమంది ఈలలు వేసి చప్పట్లు కొట్టారు.

అందరి చూపూ జీవరాజు మీదికి మళ్లింది. పన్నెండేళ్ల కిందట బావమరిదికి గొప్ప చూపిద్దామని జీవరాజు తన పాత టేపురికార్డరు మీద ప్లే బటన్‌తో పాటు పక్కనున్న, రికార్డు చేసే ఎర్ర బటన్ కూడా నొక్కాడు. క్యాసెట్ వెనకున్న చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేస్తే మళ్లీ దానిమీద ఏదీ ఎక్కదని ఆయనకి తెలుసు. అపురూపమైన వస్తువుకి గాటు పెట్టడం ఇష్టం లేక విరవలేదు. ఆ రోజు మిషన్ పాడైందనుకుని, టేపుకి ప్రమాదమని డబ్బాలో దాచేసి, మళ్లీ పెట్టి వినలేదు.

ముందుగా బుల్లబ్బాయే తేరుకున్నాడు. "అమ్మయ్య, మీ గొంతేనా అండీ!" అని గట్టిగా ఊపిరి వదిలి, చల్లగా జారుకున్నాడు.

జీవరాజు తలెత్తలేదు. సిగ్గుతో చెవులు మండుతున్నాయి. ఆ ముక్కని చెరిపినవాడు ఇంకెవడైనా అయితే జన్మంతా తిట్టుకునేవాడు. "క్యాసెట్లు రేపు మీ ఇంటికి పంపిస్తానండి రమేష్ బాబుగారూ. గ్రూపులోంచి కూడా..." అంటూ బిస్కెట్ల డబ్బా ఆయన వైపు జరిపాడు. దీనమ్మ లేచి వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

రమేష్ బాబు వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు. ఇంకోసారి విన్నాడు. కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు.

"ఆగండాగండి. క్యాసెట్లెవరిక్కావాలండీ? ఇంకెవరి దగ్గరా లేని ముక్క ఉందన్నారు. ఉంది కదండీ. ఒక్క కాపీ తీసుకోనిస్తే చాలు," అన్నాడు. ఆయన మొహంలో వెటకారం వెతికాడు జీవరాజు. దొరకలేదు.

రమేష్ బాబు దాన్ని గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికల్లా సభ్యులందరూ హెడ్‌ఫోన్లు తగిలించుకుని విని, జీవరాజు గొంతు చాలా స్పష్టంగా ఉందనీ, డేనియల్ గొంతు మాత్రం మైకుకి కాస్త దూరమైందనీ, కోడి కూత అద్భుతంగా పడిందనీ తేల్చారు.