వియ్యంకుడి ముందు డైవింగ్

ఆదివారం పొద్దున్నే భవానీపురం స్విమ్మింగ్ పూల్‌లో తలకిందులుగా దూకి వియ్యంకుడి చేత నోరెళ్ళబెట్టించాలని వెంకటసుబ్బారావు తీర్మానించుకున్నాడు. కంకిపాడు కాలవలో వంతెన మీంచి దూకేవాణ్ణని పెళ్ళిచూపుల నాడే కోతలు కోశాడు మరి! కూతురి మామగారు చక్రధరరావు మైలవరం నుంచి రానే వచ్చాడు. వెంకటసుబ్బారావు భార్య రావమ్మ కూడా సంచీ పట్టుకుని వెంట వచ్చి ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళింది. ఎందుకని అడిగే తీరిక మొగుడికి లేదు.

"ముందు లోతు చూసుకోవాలండీ," అంది కోచ్ దుర్గ. "మూడడుగుల దగ్గర తల ముందు పెట్టి దూకితే మెడ విరుగుద్ది. గట్టు మీద కూర్చుని మొదలుపెడదాం."

"కూర్చోడానికి మా ఇంట్లో కుర్చీలున్నాయమ్మా," అంటూ అతను సరిగ్గా ఆ మూడడుగుల వైపే నిలబడ్డాడు. మునిగిపోతానని భయం. అక్కడా దూకే ధైర్యం చాలక మర్యాదని అడ్డం పెట్టుకున్నాడు.

"మీరు ముందండీ, బావగారూ."

"అబ్బెబ్బే, మీరే కానివ్వండి."

"మగపెళ్ళివారు మీరుండగానా!" అంటూ నడుం వంచి దారి చూపించాడు. ఆ వంగడంలో పైపళ్ళ సెట్టు ఊడి నీళ్ళలో పడింది. ఏటవాలు అడుగు మీద జారుకుంటూ ఎనిమిదడుగుల లోతుకి చేరింది. కట్టుడుపళ్ళ సంగతి వియ్యాలవారికి తెలియదు. అతను చప్పున చేత్తో నోరు మూసుకున్నాడు.

"మేం పెట్టిన ఉంగరం పడిందా?" అన్నాడు చక్రధరరావు కంగారుగా. "ఉండండి, నేను తీస్తా!"

వద్దు వద్దని వెంకటసుబ్బారావు రెండో చెయ్యి ఊపాడు.

"మన మధ్య మొహమాటమేంటండీ!" అంటూ ఆయన చేతులు జోడించి, తల వంచి, గట్టు చివరికొచ్చాడు. అవతల పిల్లలకి నేర్పుతున్న దుర్గ ఈల ఊదుతూ పరుగెత్తుకొస్తోంది గానీ, చాలా దూరంలో ఉంది. నోరు తెరిస్తే పరువు పోతుంది. తెరవకపోతే వియ్యంకుడి మెడ పోతుంది.

వెంకటసుబ్బారావు చెయ్యి తీసేశాడు. "ఆగండి! మూడడుగులే!"

చక్రధరరావు ఆగిపోయి, ఆ బోసినోటి వంక గుడ్లప్పగించి చూశాడు.

అప్పుడు లోతు వైపు గట్టు మీదికి ఈతదుస్తుల్లో రావమ్మ వచ్చింది. మొగుడి బోసినోరు చూసింది. లోతు అంకె చూసింది. కింద ఎవరూ లేరని చూసుకుంది. చేతులు చెవులకి ఆనించి, గడ్డం రొమ్ముకి చేర్చి, వంగి దూకింది. చుక్క నీరు చిందలేదు. ముప్ఫై రెండేళ్ళ కాపురంలో ఆవిణ్ణి అంత అందంగా వెంకటసుబ్బారావు ఎన్నడూ చూడలేదు.

ఆవిడ పళ్ళ సెట్టుతో పైకి తేలింది.

"ఎన్నాళ్ళనుంచి, చెల్లెమ్మగారూ?" అన్నాడు చక్రధరరావు, చేతులు జోడించినవాడు జోడించినట్టే.

"మూడు నెల్లండీ, అన్నయ్యగారూ. వీరు నిద్రలేచేలోపు ఇంటికెళ్ళి కాఫీ పెట్టేస్తాను."

వెంకటసుబ్బారావు పళ్ళు పెట్టుకుని, దుర్గ చెప్పినట్టే బుద్ధిగా గట్టు మీద కూర్చున్నాడు.