పైడితల్లమ్మ మింగినవి

అన్నవాహిక ఆపరేషనులో వేసిన కుట్టు లీకవడంతో వాక్యూమ్ మిషను పెట్టించుకున్న పైడితల్లమ్మకి మొదట చీము వచ్చింది, చీము తగ్గాక ఆమె ఇన్నేళ్లుగా దిగమింగిన మాటలు రావడం మొదలైంది.

ఇలా జరుగుతుందని ఆసుపత్రి వాళ్లు ముందే చెప్పారు. కేన్సరున్న ముక్క తీసేసి, పొట్టని పైకి లాగి అన్నవాహికకి కలిపారు. ఆ అతుకు ఒకచోట విడిపోయి ఛాతీలో చీము పట్టింది. నోట్లోంచి కెమెరా గొట్టంతో స్పాంజి దించి ఆ పుండులో పెట్టారు. దానికి తగిలించిన సన్నటి గొట్టం ముక్కులోంచి బయటికొచ్చి, మంచం పక్కన మిషనుకున్న డబ్బాలోకి వెళుతుంది. మిషను ఆగకుండా పీలుస్తుంటే పుండు శుభ్రపడి మానుతుంది. మూడు నాలుగు రోజులకోసారి స్పాంజి మారుస్తారు. వార్డు గోడకి బోర్డు కూడా ఉంది: "డబ్బాలోంచి వినిపించే మాటలకు ఆసుపత్రి బాధ్యత వహించదు. బంధువులు గొడవపడరాదు."

ఆమె భర్త సన్యాసినాయుడు బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి. బోర్డు చదివి నవ్వాడు.

"మా ఇంటిదానికి అలాటివేం లేవమ్మా. పెళ్లయిన కాణ్ణుంచి నా మాటకి ఎదురాడి ఎరగదు," అన్నాడు డాక్టర్ హైమవతితో.

"అలాంటివాళ్లకే పెద్ద డబ్బా పెడతామండీ," అంది డాక్టరు.

మొదట చిన్నవే వచ్చాయి. పైడితల్లమ్మ పెదాలు మూసుకునే ఉన్నాయి. డబ్బాలోంచి మాత్రం ఆమె గొంతు వినిపించింది: "ఉప్పెక్కువైందని అందరి ముందూ కంచం తోసేశారు. ఆ కూర వండింది మీ చెల్లెలు." పక్క మంచం వాళ్లు నవ్వారు. నాయుడూ నవ్వాడు. నర్సు చార్టులో "చీము కొద్దిగా, మాటలు ధారాళంగా" అని రాసుకుంది.

స్పాంజి మార్చిన సాయంత్రం ఇంకోటి వచ్చింది.

"ఝాన్సీ జ్వరంతో పోలేదు. తెల్లారి చూద్దాంలే అన్నారు కదా, అందుకు పోయింది."

నాయుడి చేతిలో ఫ్లాస్కు అలాగే ఉండిపోయింది. కూతురు ఝాన్సీని దేవుడు తీసుకుపోయాడని అతను అందరికీ చెప్పుకుంటూ వచ్చాడు. తనూ నమ్మాడు. డబ్బా అదే మాట మళ్లీ అంది, మళ్లీ అంది. ఆ మాట రోజూ మింగింది గనక, మింగిన రోజుకొకటి చొప్పున అన్నీ రావాలని నర్సు చెప్పింది.

"మిషను ఆపీండమ్మా," అన్నాడు నాయుడు డాక్టరు గదిలోకి వెళ్లి.

"ఆపితే చీము గుండె చుట్టూ పాకుతుంది. ఆవిడ బతకదు. వినలేకపోతే బయట బల్ల మీద కూర్చోండి."

అతను బయటికెళ్లాడు. అక్కడికీ వినిపించింది. తిరిగొచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, అయిపోయేదాకా విన్నాడు. పైడితల్లమ్మ ఒక్కసారీ కళ్లు తెరవలేదు.

కొన్నాళ్లకి డబ్బా నోరు మూసుకుంది. పుండు పూడిపోయింది. మందు నీళ్లు తాగించి ఎక్స్‌రే తీస్తే ఎక్కడా లీకు లేదు. ఇక రెండో పరీక్ష మిగిలింది. ఇంటివాళ్లు ఒక మాట అనాలి, రోగి దాన్ని మింగాలి.

నాయుడు ఆమె దగ్గరగా వంగాడు. "తప్పు నాదేనే పైడీ. ఆ రాత్రే తీసుకెళ్లాల్సింది."

హైమవతి ఎక్స్‌రే తెర చూసి తల అడ్డంగా ఊపింది. "ఇది మింగే పన్లేదండీ, పరీక్షకి పనికిరాదు. ఇంట్లో మామూలుగా అనేదేదైనా అనండి. లేకపోతే ఇంటికి పంపలేం."

అతను మంచం దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు.

"అనీండి," అంది పైడితల్లమ్మ. "ఇంటికెళ్లాలి కదా."

నాయుడు నేల చూశాడు. "ఎప్పుడో అయిపోయిందాన్ని ఇప్పుడెందుకు తవ్వుతావు?"

ఆమె గొంతు కదిలింది. తెర మీద నల్లటిదొకటి కుట్టు దాటి నేరుగా దిగిపోయింది. చుక్కయినా పక్కకి పోలేదు.

"చక్కగా దిగింది," అంది డాక్టరు.

నాయుడు తెర మీంచి కళ్లు తిప్పుకోలేకపోయాడు. నల్లటిది పొట్ట అడుగున ఆగింది.

"మరి అది బయటికి రాదా అమ్మా?"

"రాకూడదండీ," అంది హైమవతి, డిశ్చార్జి కాగితం మీద సంతకం పెడుతూ. "వస్తే మళ్లీ ఆపరేషనే."