జ్ఞానులకు లైన్ క్లియర్

ఆ రోజు పొద్దున్న టీ తాగుతూ సూసన్న వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. సాయంత్రం తన క్వార్టర్ ముందు నుంచి ముగ్గురు జ్ఞానులు బయలుదేరతారు. ముందు సూసన్న సైకిలు తోసుకుంటూ నడుస్తాడు. సైకిలుకు కట్టిన వెదురుబొంగు మీద నక్షత్రం వెలుగుతుంది. దాని వెనక జ్ఞానులు, వాళ్ళ వెనక కాలనీ జనం. అందరూ చర్చికి చేరేసరికి బెంచీలు నిండిపోతాయి. ఖరగ్‌పూర్ రైల్వేలో ఇన్నేళ్ళు సిగ్నల్ ఫిట్టరుగా పనిచేసిన మనిషికి ఇదేమంత పెద్ద పని కాదు.

బెంచీలు నిండి తీరాలి. ఎందుకంటే చర్చి కమిటీ సెక్రటరీ సమూయేలు పోయిన ఆదివారమే తేల్చి చెప్పేశాడు. సమూయేలు రిటైరైన గార్డు. రైలుకు జెండా ఊపడం మానేసినా చర్చికి ఊపడం మానలేదు. గంట ఎప్పుడు కొట్టాలో, పాట ఎప్పుడు ఆపాలో, పాస్టరు గారి ప్రసంగం ఎక్కడ లేటవుతోందో అన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి.

"క్రిస్మస్ అయింది, కొత్త సంవత్సరం అయింది. జనాలు కేకులు తినీ తినీ అలిసిపోనారు. ఆరో తారీకున మళ్ళీ జ్ఞానుల పండగంటే ఎవడొస్తాడు? పోయినేడు పాస్టరు గారు గోడలకి ప్రసంగం సెప్పినారు. ఈ ఏడు బెంచీలు నిండకపోతే వచ్చే ఏడు నించి ఈ ఆరాధన ఉండదు" అన్నాడు ఆయన.

పాస్టరు గారు దాన్ని ప్రత్యక్షత పండుగ అంటారు. కాలనీలో అందరికీ అది, చుక్క వెంట దూరదేశం నుంచి కానుకలతో బాలయేసును చూడవచ్చిన ముగ్గురు జ్ఞానుల పండగే. దాని వెనక సూసన్నకు ఒక సొంత కథ ఉంది. వాళ్ళ నాన్న ఇచ్ఛాపురం దగ్గర పల్లె నుంచి వర్క్‌షాపులో పని వెతుక్కుంటూ ఈ ఊరొచ్చాడు. భాష తెలీదు, మనిషి తెలీదు. సాయంత్రం ఎటో నడుస్తుంటే తెలుగు పాట వినబడి ఈ చర్చి గుమ్మం ముందు నిలబడిపోయాడు. ఆ రోజు ఇదే పండగ. ఎవరో పెద్దాయన బయటికొచ్చి, "దూరాన్నించి వచ్చినోళ్ళ పండగే ఇది, లోనికి రా బాబూ" అని చెయ్యి పట్టుకుని బెంచీ మీద చోటిచ్చాడట. సూసన్న ఈ కథ వింటూ పెరిగాడు. ఊరంతటికీ క్రిస్మస్ పెద్దదే కావచ్చు, అతనికి మాత్రం ఇదే సొంత పండగ. దీన్ని తీసేస్తే నాన్నను మళ్ళీ గుమ్మం బయట నిలబెట్టినట్టేనని అతని బాధ.

అందుకే ఊరేగింపు ఆలోచన చేశాడు. కిరీటాలు పెట్టుకుని జ్ఞానుల వేషం వెయ్యడానికి చర్చి కుర్రాళ్ళను అడిగితే సగం మంది డ్యూటీ అన్నారు, మిగతా సగం నిద్ర అన్నారు. చివరికి పక్క క్వార్టర్ జగ్గారావు ఒప్పుకున్నాడు. జగ్గారావు గూడ్సు డ్రైవరు, రోజూ సింహాద్రి అప్పన్నకు దణ్ణం పెట్టుకోనిదే ఇంజనెక్కడు. ఆయన ఒప్పుకుంటే ఆయన అసిస్టెంటు ఎర్రయ్య ఒప్పుకున్నట్టే. బొగ్గింజను రోజుల నుంచీ ఎర్రయ్య వేరే డ్రైవరు వెనక నడిచిన పాపాన పోలేదు. మూడోవాడు మురళీ. ఊరి పక్క హిజ్లీలో ఇంజనీరింగు చదువుతున్నాడు. హాస్టలు తిండి మొహం మొత్తి, సూసన్న భార్య ఎలీసమ్మ చేసే గోంగూర పచ్చడి కోసం ఆదివారం ఆదివారం సైకిలు మీద వచ్చేవాడు. పచ్చడి పెట్టే ఇల్లు కిరీటం పెట్టుకోమంటే కాదనడం బాగుండదని సరేనన్నాడు.

సంగతి తెలిసి సమూయేలు మధ్యాహ్నమే వచ్చాడు.

"బాప్తిస్మం లేనోళ్ళకి కిరీటాలు పెడతావేటి సూసన్నా? ఇది మన సంఘం పండగ. కేకు కూడా సంఘం లెక్కకే సేయించినాను. బయటోళ్ళొస్తే ఎవరు పెడతారు?"

 సూసన్నకు బదులు ఎలీసమ్మ వంటింట్లోంచే జవాబిచ్చింది.

"అన్నియ్యా, ఆ జ్ఞానులు ఏ సంఘంలో మెంబర్లో కాస్త సెప్పండి."

 గంట తాడు చూడాలని గుర్తొచ్చిందంటూ సమూయేలు చర్చికి వెళ్ళిపోయాడు.

మొదటి దెబ్బ నక్షత్రానికి తగిలింది. తెల్ల కాగితంతో చేసిన నక్షత్రాన్ని సూసన్న మంచం మీద ఆరబెట్టాడు. కిరీటం తలకు సరిపోయిందో లేదో అద్దంలో చూసుకుంటూ వెనక్కి వెనక్కి నడిచిన జగ్గారావు దాని మీద కూర్చున్నాడు. సూసన్న గోల్ బజారుకు పరుగెత్తాడు. క్రిస్మస్ సరుకు అయిపోయింది, సరస్వతీ పూజ సరుకు ఇంకా రాలేదు. దుకాణంలో మిగిలింది ఎర్ర కాగితమే. ఎర్ర జెండాల బెంగాల్లో దానికి ఎప్పుడూ కరువుండదు. నక్షత్రం ఏ రంగుదైతేనేం, వెలగడం ముఖ్యం కదా అనుకుని అదే అంటించాడు. సిగ్నల్ డిపార్ట్‌మెంటు మనిషికి ఆ మాట ఎలా తోచిందో ఆ దేవుడికే తెలియాలి.

ఊరేగింపు వెలుతురుండగానే బయలుదేరింది. జగ్గారావు చేతిలో బంగారానికి బదులు ఇత్తడి పెట్టె, ఎర్రయ్య చేతిలో పొగలు కక్కే సాంబ్రాణి. మూడో కానుక బోళం అంటే ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు కనక మురళీ చేతికి మెరుపు కాగితం చుట్టిన పచ్చడి జాడీ ఇచ్చింది ఎలీసమ్మ. పండగ కాగానే అది హాస్టలుకు పోవచ్చన్న ఒప్పందం మీద అతను దాన్ని పసిబిడ్డలా పట్టుకున్నాడు. వెనక నడవాల్సిన కాలనీ జనం గుమ్మాల్లో నిలబడి చూసి, బాగుందని మెచ్చుకుని, లోపలికి పోయి తలుపులేసుకున్నారు.

రైల్వే స్థలం చివర నాలుగు రోడ్ల దగ్గరికి వచ్చేసరికి మసక పడింది. సూసన్న బ్యాటరీ తీగ కలిపాడు. నక్షత్రం ఎర్రగా, ముచ్చటగా వెలిగింది. బొంగు ఊగకుండా రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి, వెనక్కి తిరిగితే నక్షత్రం ఒరిగిపోతుందని మెడ బిగించి, గొంతెత్తి పాట పాడుతూ సైకిలు తోసుకుపోయాడు.

వెనక ఎర్రయ్య అలవాటు కొద్దీ పైకి చెప్పాడు. "ఎర్ర."

"ఎర్ర" అన్నాడు జగ్గారావు. ఆగిపోయాడు. ఇంజను మీద అసిస్టెంటు సిగ్నల్ రంగు చెప్పడం, డ్రైవరు తిరిగి చెప్పి పాటించడం వాళ్ళకు ఊపిరి తీసుకోవడంతో సమానం.

"ఏమైందండీ? సూసన్న గారు వెళ్ళిపోతున్నారు" అన్నాడు మురళీ.

"ఎల్లనీ బాబూ. ఎర్ర దీపం ఉండగా నాను కదలను. నా సర్వీసులో ఎప్పుడూ దాటలేదు."

"అది సిగ్నల్ కాదండీ, నక్షత్రం."

"నచ్చత్రమే. కాదన్నానేటి? ఎర్రగుంది కదా."

 ఈలోగా నక్షత్రం మలుపు తిరిగి మాయమైంది. ముగ్గురు జ్ఞానులు సాంబ్రాణి పొగలో నిలబడ్డారు. కాసేపటికి ఎడమ పక్క రోడ్డు చివర ఇంకో దీపం వెలిగింది.

"పచ్చ" అన్నాడు ఎర్రయ్య.

"పచ్చ" అన్నాడు జగ్గారావు, ఎడమకు కదిలాడు.

"చర్చి అటు కాదు కదండీ?"

"ఏ లైనుకి పంపాలో సిగ్నల్ కేబిన్‌వోడు సూసుకుంటాడు బాబూ. రైలింజనుకి స్టీరింగుంటాదేటి?"

ఆ పచ్చ దీపం ఇందా అనే బెంగాలీ పేటలో ఒక క్లబ్బు వాళ్ళ పందిరి మీదిది. అక్కడ జాత్రా అనే వీధి నాటకం ఆడాలి. జనం మధ్యాహ్నం నుంచి చాపలు పరుచుకుని కూర్చున్నారు. నటుల బస్సు దారిలో ఎక్కడో చెడిపోయింది. క్లబ్బు సెక్రటరీ హారాధన్‌దా జనానికి ముఖం చూపించలేక తెర వెనక తిరుగుతున్నాడు. సరిగ్గా ఆ సమయానికి ముగ్గురు రాజులు కిరీటాలతో, సాంబ్రాణి పొగతో పందిట్లోకి నడిచి వచ్చారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముగ్గురినీ మారుమాట లేకుండా వేదిక మీదికి తోసి, డోలు వాళ్ళకు సైగ చేశాడు.

జగ్గారావుకు భయమంటే తెలియదు గానీ అంత జనాన్ని ఎప్పుడూ ఎదురుగా చూడలేదు. ఆయనకు సూసన్న నేర్పింది ఒకటే మాట, రాజు ఎక్కడ పుట్టాడని అడగాలి. ఎదురుగా ఉన్నది బెంగాలీలు కనక బెంగాలీలోనే అడిగాడు.

"రాజా కొథాయ్ జొన్మేఛెన్?"

 ఆ గొంతులో నిజమైన ఆదుర్దా ఉంది. ఏ నటుడూ అంత బాగా దారి తప్పలేడు. ఏ రాజు దాదా అని ముందు వరసలో ఎవరో అడిగారు. పశువుల పాకలో పుట్టిన రాజు, చుక్క చూసి వెతుక్కుంటూ వచ్చాం, ఆ చుక్క మమ్మల్ని వదిలి పోయింది అన్నాడు జగ్గారావు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. అప్పుడు పందిరి మూల మరమరాలు అమ్ముకునే ముసలమ్మ లేచింది. ఆ రాజు సంగతి నాకు తెలుసు, తెలుగువాళ్ళ గిర్జాలో, అదే చర్చిలో ఉంటాడు, బొడొదిన్‌కు, అంటే క్రిస్మస్‌కు, బయట నిలబడి పాటలు విన్నాను, పదండి చూపిస్తాను అంది. బుట్ట నెత్తికెత్తుకుని ముందు నడిచింది. రాజులు ఆమె వెనక నడిచారు. నాటకం నడుస్తూ సాగేది కాబోలని పందిరి పందిరంతా వాళ్ళ వెనక నడిచింది. పచ్చ దీపాన్ని, డోలును, క్లారినెట్టును కూడా వెంట తెచ్చుకున్నారు.

అక్కడ చర్చిలో సూసన్న నక్షత్రాన్ని గేటు కమ్మీకి ఎత్తున బిగించి, తృప్తిగా చూసుకుని, అప్పుడు మెడ తిప్పాడు. వెనక ఒక కుక్క ఉంది.

"జ్ఞానులేరీ?" అన్నాడు సమూయేలు.

"వస్తన్నారు" అన్నాడు సూసన్న. రోడ్డు ఖాళీగా ఉంది. లోపల పాస్టరు గారు, ఎలీసమ్మ, తప్పక వచ్చిన కొద్దిమంది ముసలివాళ్ళు తప్ప బెంచీలన్నీ ఖాళీ. సమూయేలు గడియారం చూసుకున్నాడు, మళ్ళీ చూసుకున్నాడు.

"ఇంక సాల్లే సూసన్నా. నువ్వు సెయ్యగలిగింది సేసినావు. వచ్చే ఏడు నించి ఒద్దు" అన్నాడు మెల్లగా. ఆ మెల్లదనమే సూసన్నను ఎక్కువ బాధపెట్టింది. గేటు పట్టుకుని తల వంచుకున్నాడు. చిన్నపిల్లాడిలా ఏడవాలనిపించింది.

అప్పుడు డోలు వినబడింది. తర్వాత క్లారినెట్టు. రోడ్డు మలుపులో మరమరాల బుట్ట, దాని వెనక మూడు కిరీటాలు, వాటి వెనక ఇందా సగం కనిపించాయి.

సూసన్న ఎదురు పరుగెత్తబోయాడు. గేటు ఇంకా నాలుగడుగులు ఉందనగా ఎర్రయ్య గొంతు లేచింది.

"ఎర్ర."

"ఎర్ర" అని జగ్గారావు ఆగాడు. జగ్గారావు వెనక మురళీ, మురళీ వెనక డోలు, డోలు వెనక జనం, ఒకరి మీద ఒకరు పడి ఆగారు.

"రా అన్నియ్యా, లోనికి రా" అన్నాడు సూసన్న.

"దీపం మార్చు."

"అది దిగదు, తీగతో బిగించేసినాను. నచ్చత్రం కదా అన్నియ్యా."

"ఈ మాట మీద వాదన ఇందాకే అయింది" అన్నాడు మురళీ జాడీ సర్దుకుంటూ. అతని మొహం చూస్తే జాలేస్తుంది.

"ఎర్ర ఉండగా కదలాలంటే గార్డు పచ్చ దీపం సూపించాల. రూలు మీకు తెల్దేటి?" అని జగ్గారావు గేటు లోపలికి చూశాడు. అందరూ అటే చూశారు.

గేటు లోపల ఉన్న గార్డు సమూయేలు ఒక్కడే. ఆయన జనాన్ని చూశాడు. చాపలు చంకలో పెట్టుకున్నవాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, దీదీలు, దాదాలు. ఒక్కడూ సంఘం మెంబరు కాడు. ఆయన వెనక్కి తిరిగి ఖాళీ బెంచీలు చూశాడు.

"అన్నియ్యా, కరెంటు పోతే ఎలిగించే మీ గార్డు లాంతరు గంట కిందే ఉన్నాది" అంది ఎలీసమ్మ, ఎవరూ అడక్కుండానే.

సమూయేలు వెళ్ళి లాంతరు తెచ్చాడు. వెలిగించి, అద్దం తిప్పి పచ్చ చేశాడు. రిటైరైన రోజు నుంచి ఆయన ఒక్క బండికీ పచ్చ చూపించలేదు. గేటు మధ్య నిలబడి లాంతరు ఎత్తాడు. కావలసిన దానికన్నా గట్టిగా, చాలాసేపు ఊపాడు.

"పచ్చ" అన్నాడు ఎర్రయ్య.

"పచ్చ" అన్నాడు జగ్గారావు. ఇందా లోపలికొచ్చింది.

బెంచీలు చాలలేదు, చాపలు పరిచారు. జగ్గారావు పెట్టె, ఎర్రయ్య సాంబ్రాణి బల్ల ముందు పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. మురళీ జాడీ కూడా పెట్టాడు, కానీ కళ్ళు దాని మీదే ఉంచాడు. పాస్టరు గారు రాసుకొచ్చిన ప్రసంగం మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఆ రోజు దేవుడు తన్ను తాను ముందుగా బయటివాళ్ళకే చూపించుకున్నాడు. దాని అర్థమేమిటని నేను ఏడాదికోసారి చెప్తున్నాను. ఈ ఏడు గేటు దగ్గర చూశారు కదా" అని తెలుగులో ఒకసారి, బెంగాలీలో ఒకసారి చెప్పి కూర్చున్నారు. మరమరాల ముసలమ్మ ముందు బెంచీ మీద, సూసన్న నాన్న కూర్చునే చోట కూర్చుంది. సూసన్న ఈసారి నిజంగానే ఏడ్చాడు, ఎవరూ చూడలేదనుకున్నాడు.

తర్వాత సమూయేలు కత్తి పట్టుకుని సంఘం లెక్కకు చేయించిన కేకును తన చేత్తోనే ముక్కలు కోశాడు. ముక్కలు చిన్నవయ్యాయి, మరీ చిన్నవయ్యాయి, అయినా వచ్చినవాళ్ళందరికీ అందాయి. సెక్రటరీ గారికి మాత్రం ముక్క మిగల్లేదు, కానీ పంచింది ఆయనే కాబట్టి ఎవరినీ ఏమీ అనడానికి వీల్లేకపోయింది.